చైనా పింగాణీకి బస్రా జవాబు

చైనా నుంచి సరుకు దిగింది. తెల్లగా, నున్నగా మెరిసిపోతోంది. వేలితో తడితే ఖంగుమంటోంది. చూసినవాళ్లంతా అదే కావాలంటున్నారు. ఊళ్లో కుమ్మరి చేసిన గిన్నెల వంక కన్నెత్తి చూసేవాళ్లు తగ్గిపోతున్నారు. ఇప్పుడేం చెయ్యాలి? సారె అటకెక్కించేయాలా... లేక కొత్తగా ఏదైనా ఆలోచించాలా?

ఇదేదో నిన్నమొన్నటి బజారు కబురనుకుంటే పొరపాటే. దాదాపు 1200 ఏళ్ల కిందట ఇరాక్‌లోని బస్రా నగరంలో కుమ్మరులకు వచ్చిపడిన చిక్కు ఇది. వాళ్లు సారె ఆపలేదు. చైనావాళ్ల దగ్గరున్న మట్టి తమ దగ్గర లేకపోయినా, వాళ్లకున్న ఆవాలు తమకు లేకపోయినా, ఆ తెలుపును తమ మట్టి మీదకే రప్పించారు. అంతటితో ఊరుకోకుండా రెండు విద్యలు దానికి జోడించారు. ఆ విద్యలే తర్వాత ఈజిప్టు, ఇరాన్, స్పెయిన్, ఇటలీ, హాలెండ్... అన్నీ చుట్టొచ్చాయి. నేటి మన పింగాణీ కప్పు మీది నీలిపువ్వుకీ ఆ కుమ్మరి వాడకీ చుట్టరికం ఉంది!

ఖలీఫా ముచ్చట

క్రీ.శ. 762లో ఖలీఫా అల్ మన్సూర్ టైగ్రిస్ నది ఒడ్డున బాగ్దాద్ నగరానికి పునాది వేశాడు. కొన్నేళ్లకే అది ప్రపంచంలోని పెద్ద నగరాల్లో ఒకటైపోయింది. అరేబియన్ నైట్స్ కథల్లో మారువేషంలో వీధులు తిరిగే హరూన్ అల్ రషీద్ ఉన్నాడే... 786 నుంచి 809 వరకూ పాలించిన ఖలీఫా ఆయనే. ఆయనకు ఖొరాసాన్ గవర్నరు అలీ ఇబ్న్ ఈసా ఒకసారి భారీగా కానుకలు పంపాడట. అందులో చైనా చక్రవర్తుల స్థాయి పింగాణీ పాత్రలు 20. ఖలీఫా కొలువులో అంతకుముందెవరూ అలాంటివి చూడలేదని 11వ శతాబ్దపు చరిత్రకారుడు బైహకీ రాశాడు. అవికాక మరో 2000 మామూలు పింగాణీ పాత్రలు కూడా ఉన్నాయట.

రాజుగారి ముచ్చట కోటగోడల లోపలే ఆగదు కదా! కొలువులో ఉద్యోగులు, వాళ్లని చూసి వర్తకులు, వాళ్లని చూసి కాస్త కలిగినవాళ్లు... అందరికీ తెల్లటి గిన్నె కావాలి. కానీ ఆ గిన్నె రావాలంటే చైనా తీరం నుంచి నెలల తరబడి సముద్రం మీద ప్రయాణం చెయ్యాలి. దారిలో తుపానులు, రాళ్లదిబ్బలు, దొంగలు. అన్నీ దాటుకుని రేవు చేరేసరికి దాని ధర ఆకాశాన్నంటేది. కొనగలిగేది కొందరే. కొనాలని ఆశపడేది వేలమంది.

అదిగో, ఆ రెండింటి మధ్య ఉన్న సందులోనే బస్రా కుమ్మరికి దారి దొరికింది.

మట్టే ఎదురుతిరిగింది!

దారి దొరికిందన్నంత మాత్రాన నడక తేలిక కాదు. చైనా పింగాణీకి మూలం అక్కడ దొరికే తెల్లటి మట్టి. దాన్ని దాదాపు 1300 డిగ్రీల వేడిలో కాలిస్తే గట్టిపడి, లోపలా బయటా తెల్లగా, రాయిలా తయారవుతుంది. బస్రా చుట్టుపక్కల దొరికేది నదులు తెచ్చిపోసిన ఒండ్రుమట్టి. సున్నం పాలు ఎక్కువ. కాలిస్తే లేత పసుపు రంగులోకి వస్తుంది. దాన్ని 1000 డిగ్రీలకు అటూఇటూగా కాల్చాలి. చైనావాళ్లలా 1300 డిగ్రీల దాకా తీసుకెళ్తే గిన్నె గిన్నెలా ఉండదు, మెత్తబడి కుంగిపోతుంది.

అంటే... మట్టి లోపలి నుంచి తెలుపు రాదు. ఇక మిగిలింది ఒక్కటే మార్గం: పైనుంచి తేవడం.

పైపూత వాళ్లకు కొత్త కాదు. మన ఇళ్లలో ఆవకాయ పెట్టే జాడీనే తీసుకోండి. ఉత్త మట్టికుండలో నీళ్లు పోస్తే సన్నగా ఊరుతాయి. వేసవిలో కుండనీళ్లు చల్లగా ఉండేది అందుకే. అదే నూనె, ఉప్పు, పులుపు కలిసిన ఊరగాయ పెడితే కుండ పీల్చేసుకుంటుంది. జాడీ పీల్చదు. దాని ఒంటిమీద గాజులాంటి పూత ఉంటుంది మరి. మెత్తగా నూరిన ఇసుకలో సీసమో, కొన్ని మొక్కల బూడిదో కలిపి పాత్రకు పూసి కాలిస్తే అది కరిగి గాజుపొరలా అతుక్కుపోతుంది. ఇరాక్, ఇరాన్‌లలో ఇస్లాం రాకముందు నుంచే నెమలికంఠం రంగు పూతతో పెద్దపెద్ద జాడీలు చేసేవారు. ఆ రంగుకి కారణం పూతలో కలిపిన రాగి.

అయితే ఆ పూతలు అద్దంలాంటివి. వాటిలోంచి అడుగునున్న పసుపుమట్టి కనిపించిపోతుంది. కావలసింది పాలమీగడలాంటి పూత. అదెలా?

తగరం తెచ్చిన తెలుపు

జవాబు తగరంలో దొరికింది. సీసంతో పాటు తగరాన్ని కూడా కాల్చి పొడిచేసి పూతలో కలిపితే, పాత్ర చల్లారాక ఆ గాజులో కంటికి కనిపించనంత చిన్న తగరపు స్ఫటికాలు మిగిలిపోతాయి. పడిన వెలుతురును అవి నలువైపులా చెదరగొడతాయి. అందుకే పూత తెల్లగా, చిక్కగా కనిపిస్తుంది. పాలు తెల్లగా కనిపించడానికీ ఇంచుమించు ఇదే కారణం... అందులోని వెన్న కణాలూ మాంసకృత్తుల కణాలూ వెలుతురును చెదరగొట్టడమే!

తగరంతో పూతను చిక్కబరిచే కిటుకు మొదట ఎవరికి తట్టింది? 8వ శతాబ్దంలోనే ఈజిప్టు, సిరియా ప్రాంతాల్లో పసుపురంగు పూతల్లో దీన్ని వాడారని ఇటీవలి పరిశోధనలు చెబుతున్నాయి. దాన్ని తెల్లటి గిన్నెగా మార్చి బజారుకు తెచ్చిన ఘనత మాత్రం బస్రాదే.

రూపంలో కూడా చైనా గిన్నెను అచ్చుగుద్దినట్టు దించేశారు. అదే వెడల్పాటి నోరు, అదే మందపాటి అంచు, అదే పొట్టి అడుగు. దూరం నుంచి చూస్తే తేడా తెలీదు. చేతిలోకి తీసుకుంటేనే బరువులో, తడితేనే చప్పుడులో తెలిసిపోయేది. పూత కాస్త పెచ్చులూడితే పసుపుమట్టి బయటపడేది.

కథ ఇక్కడితో ఆగిపోతే బస్రా కుమ్మరిని 'నకలు సరుకు చేసినవాడు' అని ఒక్కమాటలో తేల్చేయొచ్చు. కానీ అసలు కథ ఇక్కడి నుంచే మొదలవుతుంది.

తెల్లకాగితం దొరికితే...

చైనా గిన్నెల అందమంతా వాటి ఖాళీలోనే ఉంది. ముగ్గూ పువ్వూ ఏమీ ఉండదు, తెలుపు ఒక్కటే. బస్రావాళ్ల చేతులు అలా ఊరుకోలేదు. తెల్లకాగితం దొరికిన పిల్లాడిలా గీయడం మొదలుపెట్టారు. అందుకు వాళ్లు ఎంచుకున్న రంగు... నీలం.

ఈ నీలం కోబాల్ట్ అనే ఖనిజం నుంచి వస్తుంది. ఎంత వేడికైనా తట్టుకుని నిలబడే రంగు ఇది. తెల్లటి పూత మీద కుంచెతో నీలి ఆకులు, ఖర్జూరపు మట్టలు, రెండు మూడు వరుసల అరబిక్ రాత. కాలినప్పుడు పూతలోకి రంగు కొద్దిగా ఇంకి, అంచులు మెత్తబడేవి. ఆ రాతల్లో ఏముండేది? కొన్నిటి మీద 'దీని యజమానికి శుభం కలుగుగాక' అనే దీవెన. మరికొన్నిటి మీద 'ఇది ఫలానావాడి పని' అని చేసినవాడి పేరు.

ఆ రోజుల్లో పళ్లెం చేసే కుమ్మరి తన పేరు రాసుకోవడం మామూలు విషయం కాదు. నకలు చేసేవాడు పేరు దాచుకుంటాడు. సొంతంగా చేశానన్న ధీమా ఉన్నవాడే సంతకం పెడతాడు.

మట్టికి బంగారు మెరుపు

రెండో విద్య ఇంకా విచిత్రమైంది. మట్టిపాత్ర మీద చిటికెడు బంగారం కూడా వాడకుండా బంగారు మెరుపు తెప్పించడం!

నిజానికి ఇది గాజు పనివాళ్ల దగ్గర పుట్టిన కిటుకు. 773లో ఈజిప్టుకి గవర్నరుగా ఉన్న అబ్దుల్ సమద్ పేరున్న గాజుపాత్ర ఒకటి కైరోలోని ఇస్లామిక్ కళల మ్యూజియంలో ఉంది. దానిమీద ఈ తళుకు రంగు కనిపిస్తుంది. 9వ శతాబ్దంలో ఇరాక్ కుమ్మరులు దాన్ని మట్టిపాత్రల మీదకు తెచ్చారు.

పద్ధతి వింటే సులువే. తెల్లపూత వేసి, అప్పటికే రెండుసార్లు కాల్చిన పాత్రను తీసుకుంటారు. వెండి, రాగి లవణాలను ఎర్రమట్టిలాంటి పొడిలో కలిపి, మెత్తగా నూరి దానితో బొమ్మ వేస్తారు. మళ్లీ ఆవంలో పెట్టి సుమారు 600 డిగ్రీల వేడిలో మూడోసారి కాలుస్తారు. ఈసారి మంట కన్నా పొగ ముఖ్యం. గాలి ఆడకుండా చేస్తే పొగ ఆ లవణాల్లోని ఆక్సిజన్‌ను లాగేస్తుంది. వెండి, రాగి అతి సూక్ష్మమైన లోహపు రేణువులుగా మారి పూత పైపొరలో ఇరుక్కుపోతాయి. చల్లారాక బయటకు తీస్తే నల్లగా, మసిపట్టిన పాత్ర! గుడ్డతో మసి తుడుస్తుంటే అడుగు నుంచి బంగారు, రాగి, కెంపు రంగులు మెరుస్తూ బయటపడతాయి.

ఆ రేణువుల పరిమాణం మీటరులో వంద కోట్లో వంతు లెక్కల్లో ఉంటుంది. ఇవాళ శాస్త్రవేత్తలు నానో టెక్నాలజీ అని పిలుస్తున్న పనిని, ఆ పేరేదీ తెలియని కుమ్మరులు పొగనూ మంట రంగునూ చూసి చేసేశారు.

వినడానికి సులువే కానీ చెయ్యడం ప్రాణసంకటం. పొగ చాలకపోతే మెరుపు రాదు. ఎక్కువైతే పూతే నల్లబడుతుంది. వేడి ఎక్కువైతే రంగు ఎగిరిపోతుంది. 16వ శతాబ్దంలో ఇటలీలో కుమ్మరం గురించి పుస్తకం రాసిన పికోల్‌పాసో, ఈ పద్ధతిలో నూరు పాత్రలు కాలిస్తే ఒక్కోసారి ఆరు మాత్రమే సరిగ్గా వస్తాయని వాపోయాడు. వందలో ఆరు! మట్టి తొక్కిన శ్రమ, తగరానికి, వెండికి పెట్టిన డబ్బు, మూడుసార్లు కాల్చిన కట్టెలు... అన్నీ ఆ ఆవంలోనే ఉంటాయి. తలుపు తెరిచే క్షణం ఆ ఇంటికి పరీక్షాఫలితమే.

ఇంటిగుట్టు బయటపడింది

ఇంత కష్టమైన విద్య కాబట్టే దాన్ని గుట్టుగా దాచుకునేవారు. తండ్రి నుంచి కొడుక్కి... అంతే. మరి ఇవాళ మనకు ఇంత వివరంగా ఎలా తెలిసింది? పరిశోధకులు పెంకులను పరీక్షించి తెలుసుకున్నది కొంత. మిగతాది ఆ వృత్తి ఇంట్లో పుట్టిన ఒక కొడుకు రాసిపెట్టడం వల్ల.

ఇరాన్‌లోని కాషాన్ పట్టణంలో అబూ తాహిర్ వంశం నాలుగు తరాలపాటు తళుకు పాత్రలకు, పలకలకు పేరుమోసింది. ఆ వంశంలో అలీకి ఇద్దరు కొడుకులు. యూసుఫ్ తండ్రి వృత్తిలోనే ఉన్నాడు. అబుల్ ఖాసిం మాత్రం కలం పట్టి మంగోల్ సుల్తానుల కొలువులో చరిత్రకారుడయ్యాడు. 1301లో రాసిన ఒక గ్రంథంలో రత్నాల గురించి, సుగంధాల గురించి చెప్పి, చివర్లో తమ ఇంటి విద్యను కూడా విప్పి చెప్పాడు.

పది పాళ్లు పలుగురాయి పొడి, ఒక పాలు గాజుపొడి, ఒక పాలు తెల్లమట్టి... ఇదీ కాషాన్ వాళ్ల పాత్రల ముద్ద. పసుపుమట్టికి తెల్లచొక్కా తొడగడం కాకుండా ఒళ్లే తెల్లగా ఉండేలా ఆ తరాలవాళ్లు కనిపెట్టిన ఉపాయమిది. ఆవం గోడలకు మట్టి కడ్డీలు గుచ్చి, వాటినే అరలుగా చేసి పాత్రలు పేర్చేవారు. 12 గంటలపాటు ఎక్కడా తగ్గకుండా మంట పెట్టేవారు. బాగ్దాద్, తబ్రీజ్ వంటి చోట్ల బెరడు తీసిన కట్టెలే వాడేవారట, పొగ రాకుండా. వారం రోజులు చల్లారనిచ్చాకే పాత్రలు బయటకు తీసేవారు. తళుకు కోసమైతే మళ్లీ మూడు రోజులు సన్నటి పొగ. నీలం ఇచ్చే రాయి కాషాన్ దగ్గరి కొండల్లో ఖంసర్ అనే ఊళ్లో దొరుకుతుందని కూడా ఆయనే రాశాడు.

1334లో చేసిన ఒక మిహ్రాబ్ మీద తమ్ముడో అన్నో అయిన ఆ యూసుఫ్ సంతకం ఉంది. మసీదులో మక్కా దిక్కును చూపే గూడునే మిహ్రాబ్ అంటారు. ఆ వంశం చేతి పనిలో మనకు తెలిసిన చివరి గొప్ప పని అది. ఆ తర్వాత వాళ్ల ఆవం వెలిగిన జాడలేదు. అబుల్ ఖాసిం రాయకపోయి ఉంటే నాలుగు తరాల అనుభవం యూసుఫ్‌తోనే మట్టిలో కలిసిపోయేది.

మునిగిన ఓడ చెప్పిన నిజం

1998లో ఇండోనేసియాలోని బెలితుంగ్ దీవి దగ్గర కొందరు సముద్రంలో మునకలు వేస్తుంటే అడుగున ఒక దిబ్బ కనిపించింది. పగడాలు అల్లుకున్న ఆ దిబ్బ నిండా గిన్నెలే! 9వ శతాబ్దంలో చైనా నుంచి పశ్చిమానికి బయల్దేరి మునిగిపోయిన ఓడ అది. దాన్లోంచి సుమారు 60 వేల వస్తువులు బయటపడ్డాయి. చాలావరకు చాంగ్షా ప్రాంతంలో చేసిన గిన్నెలు. పెద్ద జాడీల్లో గిన్నెలను ఒకదానిలో ఒకటి ఒద్దికగా చుట్టలు చుట్టి పేర్చారు. ఒక గిన్నె మీద చెక్కిన తేదీ క్రీ.శ. 826తో సరిపోయింది.

ఓడను చూసి నిపుణులు ముక్కున వేలేసుకున్నారు. అది చైనా ఓడ కాదు. ఒక్క ఇనుప మేకైనా లేకుండా పలకలను తాళ్లతో కుట్టిన అరబ్బు తరహా ఓడ. అంటే బస్రావాళ్లకు చెమటలు పట్టించిన సరుకు ఎలా, ఏ స్థాయిలో వచ్చేదో చూపించే సాక్ష్యం సముద్రగర్భంలో చెక్కుచెదరకుండా దొరికిందన్నమాట.

అంతకన్నా ఆశ్చర్యం మరొకటుంది. ఆ రాశిలో తెలుపు మీద నీలిబొమ్మలున్న చైనా పళ్లేలు మూడే మూడు దొరికాయి. పగలకుండా దొరికిన అలాంటి చైనా పళ్లేలలో అత్యంత పాతవి అవే. వాటి మీది నమూనాలు చైనావాళ్ల అలవాటుకన్నా పశ్చిమాసియా అభిరుచికే దగ్గరగా ఉన్నాయి. బస్రా చైనాను చూసి చేస్తుంటే, చైనా కూడా బస్రా కొనుగోలుదారు మనసు చూసి చేస్తోందన్నమాట! ఎవరిది అసలు, ఎవరిది నకలు?

ఆ సరుకును ఇప్పుడు సింగపూర్‌లోని ఏషియన్ సివిలైజేషన్స్ మ్యూజియంలో చూడొచ్చు. ఆ ఓడ నమూనాలోనే ఒమన్ దేశం 'జ్యువెల్ ఆఫ్ మస్కట్' అనే ఓడను కట్టించింది. పలకలను కొబ్బరిపీచు తాళ్లతో కుట్టడానికి కేరళ నుంచి పనివాళ్లు వెళ్లారు. 2010లో అది మస్కట్ నుంచి బయల్దేరి కొచ్చి, గాలె, పెనాంగ్‌ల మీదుగా సింగపూర్ చేరింది.

బస్రా సరుకు కూడా ఓడలెక్కింది. నెమలికంఠం రంగు జాడీల ముక్కలు గుజరాత్ తీరంలోని సంజాన్‌లో, శ్రీలంకలోని మంటైలో దొరికాయి. చైనాలోని ఫుజౌలో 930లో చనిపోయిన లియూ హువా అనే రాణి సమాధిలోనైతే మూడు జాడీలు చెక్కుచెదరకుండా బయటపడ్డాయి. పింగాణీ పుట్టింట్లో, ఒక రాణి అంతిమయాత్రకు పశ్చిమాసియా మట్టిజాడీలు తోడెళ్లాయి!

పళ్లెం మీద సుభాషితం

బస్రాకు చాలా దూరంగా, ఈశాన్య ఇరాన్‌లోని నిషాపూర్, నేటి ఉజ్బెకిస్థాన్‌లోని సమర్‌ఖండ్ కుమ్మరులు మరో దారి పట్టారు. తళుకు రహస్యం వాళ్లకు తెలీదు. పసుపుపచ్చ రంగులతో ఆ మెరుపును అనుకరించి చూశారు. నకలుకి నకలు! కానీ వాళ్లకంటూ సొంత విద్య ఒకటుంది. పాత్రకు ముందు పల్చటి తెల్లమట్టి పూసి, దానిమీద నల్లటి అక్షరాలు రాసి, ఆపైన పారదర్శకమైన పూత వేసేవారు. మామూలు రంగులైతే సీసపు పూత కింద చెదిరిపోతాయి. రంగును మట్టిలో కలిపి రాస్తే చెదరవు.

10వ శతాబ్దపు ఆ పళ్లేల్లో బొమ్మలుండవు. అంచు చుట్టూ నిలువు కోణాల కూఫీ లిపిలో ఒక మంచిమాట, అంతే. ముందే ఆలోచించి పనిచేస్తే తర్వాత విచారించక్కర్లేదని ఒక గిన్నె చెబుతుంది. అది న్యూయార్క్‌లోని మెట్రోపాలిటన్ మ్యూజియంలో ఉంది. చదువు మొదట చేదుగా ఉన్నా చివరికి తేనెకన్నా తియ్యనని పారిస్‌లోని లూవ్ర్ మ్యూజియంలో ఉన్న పళ్లెం చెబుతుంది. అన్నం తింటూంటే అడుగున సుభాషితం... పిల్లల్ని చదవమని పోరే అమ్మానాన్నలకు ఇంతకన్నా ఏం కావాలి!

నిషాపూర్‌ను 1221లో మంగోలులు నేలమట్టం చేశారు. మెట్రోపాలిటన్ మ్యూజియం బృందం 1935 నుంచి అక్కడ తవ్వకాలు జరిపి వేలకొద్దీ పెంకుల్ని వెలికితీసింది. చాలా గిన్నెల లోపల మూడు చిన్న మచ్చలు కనిపిస్తాయి. ఒకదాని మీద ఒకటి పేర్చినప్పుడు అతుక్కోకుండా మధ్యలో పెట్టిన మూడుకాళ్ల మట్టిదిమ్మ గుర్తులవి. పట్టణం పోయింది, కుమ్మరి పోయాడు, గుర్తు మిగిలింది.

ఊరు మారినా చేయి మారదు

బస్రాకు కూడా గడ్డురోజులు తప్పలేదు. దక్షిణ ఇరాక్‌లో బానిసలుగా మగ్గిన ఆఫ్రికన్లు 869లో తిరగబడ్డారు. 14 ఏళ్లు సాగిన ఆ తిరుగుబాటులో 871లో బస్రా కొల్లగొట్టబడింది. ఆవాలు పూర్తిగా ఆరిపోలేదు కానీ, పనివాళ్లు నాలుగుదిక్కులా వెళ్లారు.

బ్రిటిష్ మ్యూజియంలో గుంటలు గుంటలుగా ఉన్న ఒక చిన్న ఆకుపచ్చ పళ్లెం ఉంది. దానిమీద రాత సారాంశం: ఇది ఈజిప్టులో బస్రావాడైన అబూ నస్ర్ చేసిన పని. ఊరు వదిలి వెయ్యి కిలోమీటర్లకు పైగా వెళ్లినవాడు తన పనిమీద పుట్టిన ఊరి పేరు రాసుకున్నాడు. బతుకుతెరువుకు ఎడారులు దాటి వెళ్లిన బిడ్డలున్న మన పల్లెలకు ఆ ఒక్క మాట బరువెంతో వేరే చెప్పక్కర్లేదు.

10వ శతాబ్దం చివరికల్లా తళుకు విద్య ఈజిప్టుకు, నేటి కైరోలో భాగమైన ఫుస్తాత్‌కు చేరింది. అక్కడ సాద్, ముస్లిం అనే ఇద్దరి సంతకాలున్న పాత్రలు చాలా దొరికాయి. ముస్లిం అన్నది ఇక్కడ మనిషి పేరే. 1047లో ఈజిప్టు వెళ్లిన పారశీక యాత్రికుడు నాసిర్ ఖుస్రో, అవతల చేయిపెడితే ఇవతలికి కనిపించేంత పల్చటి పాత్రలు, తిప్పేకొద్దీ రంగులు మారే పాత్రలు చూశానని రాశాడు. 1168లో ఫుస్తాత్ తగలబడింది. మూడేళ్లకు ఫాతిమిద్ వంశం పాలన ముగిసింది. పనివాళ్లు సిరియాకు, ఇరాన్‌కు తరలారని పరిశోధకుల అభిప్రాయం. అక్కడినుంచే కాషాన్ వైభవం మొదలైంది. మరో శాఖ స్పెయిన్‌లోని మలగాకు, వాలెన్సియా దగ్గరి మనీసెస్‌కు వెళ్లింది. అటునుంచి ఇటలీకి.

పెంకు పలికింది

ఇంతకీ ఆ పాత్రలు బస్రావే అని ఎలా తేల్చారు? మొదట్లో అందరూ అవి బాగ్దాద్‌విో, సామర్రావో అనుకునేవారు. 836 నుంచి 892 వరకూ ఖలీఫాల రాజధానిగా వెలిగిన సామర్రాలో 1911-13 మధ్య జర్మన్ పురావస్తు నిపుణులు హెర్జ్‌ఫెల్డ్, సారె తవ్వకాలు జరిపారు. చైనా పింగాణీ ముక్కలు, స్థానిక తెల్లగిన్నెల ముక్కలు, తళుకు పలకలు పక్కపక్కనే దొరికాయి. ఆ రాజధానిని కట్టేటప్పుడు ఖలీఫా బస్రా, కూఫాల నుంచి కుమ్మరులను రప్పించాడని 9వ శతాబ్దపు రచయిత యాకూబీ ఎప్పుడో రాసి ఉన్నాడు.

తర్వాత కెనడా పరిశోధకుడు రాబర్ట్ మేసన్ పెంకులను కాగితంలా పల్చగా కోసి సూక్ష్మదర్శిని కింద పెట్టి చూశాడు. మట్టిలోని ఇసుక రేణువులు ఏ నది తెచ్చినవో, ఏ చోటివో చెప్పేస్తాయి. తెల్లగిన్నెలు, నీలిగిన్నెలు, తళుకు గిన్నెలు... అన్నిటి మట్టీ బస్రా దగ్గర దొరికిన ఆవం వ్యర్థాలతో సరిపోయింది. వెయ్యేళ్లకు పైగా ఊరిపేరు పోగొట్టుకున్న పనివాళ్లకు ఆ పేరు తిరిగొచ్చింది, అదీ వాళ్లు కాలిపోయాయని విసిరేసిన ముక్కల వల్ల!

మన గడపలో...

దక్కనుకూ ఈ గాజుపూత కళ ఇరాన్ నుంచే వచ్చింది. హైదరాబాద్‌లో చార్మినార్‌కు దగ్గర్లో బాద్‌షాహీ అషుర్‌ఖానా ఉంది. మహమ్మద్ కులీ కుతుబ్ షా 1590ల్లో కట్టించాడు. దాని గోడల మీది రంగురంగుల పలకల పని 1611 నాటిది. పసుపు, నీలం, ఆకుపచ్చ ముక్కలను కోసి అతికిన ఆ అలంకరణ కొంతభాగం 1908 మూసీ వరదల్లో దెబ్బతింది. పాడైన చోట పలకలకు బదులు రంగులు వేశారు. పక్కపక్కనే నిలబడి చూస్తే కాలిన గాజుపూతకీ వట్టి రంగుకీ తేడా ఎవరికైనా తెలుస్తుంది.

అంతెందుకు... మనం రోజూ వాడే 'పింగాణీ' మాటే పారశీకంలోని 'పింగాన్' నుంచి వచ్చింది. గిన్నె, కప్పు అని అర్థం. వస్తువు చైనాది, పేరు ఇరాన్‌ది, వాడేది మనం!

ఇక కథ చివరి మలుపు చూడండి. 14వ శతాబ్దంలో చైనాలోని జింగ్డెజెన్ కుమ్మరులు ఇరాన్ నుంచి కోబాల్ట్ తెప్పించుకుని తెలుపు-నీలం పాత్రలతో ప్రపంచాన్ని జయించారు. 17వ శతాబ్దంలో ఆ పాత్రలు ఓడలకొద్దీ హాలెండ్‌లో దిగాయి. డెల్ఫ్ట్ పట్టణంలోని కుమ్మరులకు అచ్చం బస్రావాళ్ల చిక్కే వచ్చింది. తెల్లమట్టి లేదు, అంత వేడి ఆవాలు లేవు. వాళ్లేం చేశారు? తగరంతో తెల్లపూత వేసి, దానిమీద కోబాల్ట్‌తో నీలిబొమ్మలు గీశారు. ఎనిమిది వందల ఏళ్ల కిందట బస్రా రాసిన జవాబునే మళ్లీ రాశారు. అసలు సిసలు పింగాణీ గుట్టు ఐరోపాకు తెలిసింది 1708లో, జర్మనీలో బోట్గర్ ప్రయోగాలు ఫలించాకే.

బస్రా కుమ్మరికి పింగాణీ ఎప్పటికీ రాలేదు. అతని చేతికున్నది నది తెచ్చిన పసుపుమట్టే. అయితేనేం... ఆ మట్టితోనే చైనా సరుకు పక్కన నిలబడ్డాడు, గిన్నె అడుగున తన పేరు రాసుకున్నాడు. ఈసారి ఇంట్లో నీలిపువ్వుల కప్పులో టీ తాగుతున్నప్పుడు ఒక్కసారి దాన్ని తిప్పి చూడండి. ఆ పేరు అక్కడ కనిపించదు కానీ, ఆ నీలం మాత్రం అతనిదే.